షోలాపూరు తూర్పు భాగం: పడుగు వీధి నుంచి లారీ రోడ్డు దాకా

ఊళ్ళ చరిత్ర రాసినవాళ్ళు కోటను గురించి రాశారు, చెరువును గురించి, గుడిని గురించి రాశారు. షోలాపూరు విషయానికి వస్తే మిల్లుల పొగగొట్టాలను గురించి కూడా చాలామందే రాశారు. రోడ్డును గురించి రాసినవాళ్ళు తక్కువ. రోడ్డు ఎప్పుడూ ఉన్నదే అనుకుంటాం కనుక దానికీ ఒక చరిత్ర ఉంటుందన్న ఆలోచన రాదు. కాని సాఖర్ పేట్, భవానీ పేట్, జోడ్‌భావి పేట్, దత్త నగర్, నీలం నగర్ వంటి మన పేటల్లో గత నూటయాభై ఏళ్ళలో ఎక్కువగా మారినదేదని అడిగితే ఇల్లు కాదు, భాష కాదు, మగ్గం కూడా కాదు; ఇంటి గడప ముందున్న ఆ పాతిక అడుగుల నేల అని చెప్పాలి. ఆ నేల ఒకప్పుడు ఎవరిది, ఇప్పుడు ఎవరిది, మధ్యలో ఏం జరిగింది అన్నది ఈ వ్యాసం విషయం. అశోక్ చౌక్‌లోనో కన్నా చౌక్‌లోనో రోడ్డు దాటడానికి చేతిలో సంచీతో నిలబడ్డ ముసలావిడకు ఈ చరిత్రతో పని లేదు. ఆమెకు దారి కావాలి. ఆ దారి ఎందుకు లేకుండా పోయిందో తెలిస్తే, తిరిగి ఎలా తెచ్చుకోవాలో కొంత తెలుస్తుంది.

గోడ కూలిన సంవత్సరం

షోలాపూరు పాత పట్నం గోడ లోపల ఉండేది. విజాపూర్ వేస్, తుళజాపూర్ వేస్, బాళీవేస్ అన్న పేర్లు ఆ గోడ ద్వారాలు మనకు విడిచిపోయిన గుర్తులు. మునిసిపాలిటీ 1852లో ఏర్పడింది. బొంబాయి నుంచి రైలు 1860లో వచ్చింది. రైలుతో పత్తి వ్యాపారం పెరిగింది, జనం పెరిగారు, గోడ ఇరుకైంది. 1872 ప్రాంతంలో మునిసిపాలిటీ తూర్పు గోడను పూర్తిగా, మిగతా వైపుల్లో కొంత కొంత పడగొట్టించింది. ఊరు తూర్పుకు సాగడానికి అది మొదలు. ఆ తూర్పున మగ్గాలు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు.

మనవాళ్ళు పేష్వాల కాలం నుంచే ఇక్కడికి వచ్చారని చెప్పుకుంటాం. కాని గుంపులు గుంపులుగా వచ్చింది పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ వైపు రైలు పడింది. అదే సంవత్సరం షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ స్థాపన జరిగింది. దాన్నే తరువాత అందరూ జూనీ గిర్ని అన్నారు. 1876–78 కరువు దక్కను అంతటినీ పిండి ఆరేసింది. కరువు, రైలు, గిర్ని ఈ మూడూ ఒకే పదేళ్ళలో కలిశాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్ళలో మగ్గం గుంట పూడ్చి వచ్చినవాళ్ళు ఇక్కడ మళ్ళీ గుంట తవ్వారు.

పడుగు పరిచిన నేల

చేనేత పేటలో వీధి అంటే ఏమిటో ఈ తరానికి చెప్పవలసి వస్తోంది. నేతలో మగ్గం మీద జరిగేది సగం పనే. మిగతా సగం ఆసు పోయడం, పడుగు సాగదీయడం, గంజి పెట్టడం, కుంచెతో దువ్వడం, తెగిన పోగులు అతకడం. ఒక పడుగు బారలకు బారలు పొడుగుంటుంది. అంత పొడుగు గది ఏ నేతగాని ఇంట్లో ఉంటుంది? అందుకని తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, వీధిలో కత్తెర ఆకారంలో కర్రలు నిలిపి పడుగు సాగదీసేవారు. ఇద్దరు మగవాళ్ళు అటూ ఇటూ కుంచె లాగుతుంటే ఆడవాళ్ళు పోగులు చూసేవారు. పిల్లలు కర్రల కింద నుంచి దూరి ఆడుకునేవారు. గంజి ఆరేదాకా ఆ వీధిలో బండి రాదు. వచ్చినా ఆగుతుంది, లేదా చుట్టూ తిరిగి పోతుంది. ఇది రాసిపెట్టిన చట్టం కాదు. పడుగు తెగితే ఒక ఇంటి వారం తిండి తెగుతుందని బండివానికీ తెలుసు.

అంటే మన పేటల్లో వీధి మొదట పని చేసే చోటు, ఆ తరువాత కూర్చునే చోటు, అన్నిటికన్నా చివర ప్రయాణం చేసే చోటు. ఇంటి ముందు అరుగు ఉండేది. కండెలు చుట్టే ముసలమ్మ అరుగు మీదే ఉండేది. అరుగుకూ వీధికీ మధ్య గీత లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో లాగుడు మగ్గం వచ్చి పని వేగం పెరిగింది. ఒక యజమాని కింద పది, ఇరవై మగ్గాలు నడిచే కార్ఖానాలు పెరిగాయి. తరువాత గంజి పట్టించిన బీములు యంత్రాల నుంచి తయారై రావడం మొదలైంది. 1940ల తరువాత మరమగ్గాలు, మనవాళ్ళ నోట సాంచాలు, ఒక్కొక్కటిగా ఇళ్ళలోకి దిగాయి. పడుగుకు వీధి అక్కర్లేకుండా పోయింది. వీధిని మనం ఖాళీ చేశాం. ఖాళీ అయిన నేలను ఎవరో ఒకరు ఆక్రమిస్తారు. దాన్ని బండ్లు ఆక్రమించాయి.

రాయి కొట్టినవాళ్ళూ మనవాళ్ళే

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తెలుగువాళ్ళంటే షోలాపూరులో నేతవాళ్ళే అనుకుంటారు. రోడ్లు వేసినవాళ్ళలోనూ తెలుగువాళ్ళున్నారు. వడ్డెరలు ఈ ప్రాంతమంతటా రాళ్ళు కొట్టారు, మట్టి మోశారు, చెరువు కట్టలు కట్టారు. బొంబాయిలో కామాఠీపురా అన్న పేరే తెలంగాణ నుంచి పోయి రోడ్లూ భవనాలూ కట్టిన కామాఠీల వల్ల వచ్చింది. దక్కను పట్టణాల్లో కంకర రోడ్డు వెనుక తెలుగు మాట్లాడే చేతులు చాలా ఉన్నాయి. రోడ్డు కోసం రాయి కొట్టిన మనిషికి ఆ రోడ్డు మీద నడిచే చోటు లేకపోవడం ఈ కథలో మొదటి అన్యాయం కాదు గాని, గుర్తుపెట్టుకోవలసిన అన్యాయం.

బోంగా కూసినప్పుడు

జూనీ గిర్ని తరువాత నరసింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు, జామ్ మిల్లులు వచ్చాయి. 1901 నాటికి ఊరి జనాభా 75 వేలు దాటింది. గిర్నీ బోంగా ఊరికి గడియారం. బోంగా కూస్తే వేలమంది ఒక్కసారి రోడ్డు మీదికి వచ్చేవారు. అందరూ నడిచేవాళ్ళే. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ళ పనిగంటలు 12కు మించరాదంది. 1934 చట్టం వాటిని 10కి తగ్గించింది. పనిగంటలు ఎన్ని తగ్గినా నడక తగ్గలేదు. పేట నుంచి గిర్నికి, గిర్ని నుంచి పేటకు.

ఆ కాలంలో రోడ్డుకు భద్రత ఎక్కడి నుంచి వచ్చింది? గుంపు నుంచి వచ్చింది. వేలమంది నడుస్తున్నప్పుడు టాంగా ఆగుతుంది, ఎద్దుబండి పక్కకు తప్పుకుంటుంది, ఎప్పుడో ఒకసారి కనిపించే మోటారు హారన్ కొడుతూ నత్తలా పాకుతుంది. రోడ్డు మీద ఎవరు ఎక్కువమంది ఉంటే రోడ్డు వాళ్ళది. ఇప్పటి మన తిప్పలకు మూలం ఈ సూత్రం తారుమారు కావడమే. ఇవాళ కూడా మన చౌకుల్లో తలలు లెక్కపెడితే నడిచేవాళ్ళూ రెండుచక్రాల వాళ్ళూ ఎక్కువే ఉంటారు. కాని చోటు లెక్కపెడితే నాలుగు చక్రాలదీ ఆపైనదీ.

రోడ్డు ఎవరిదన్న ప్రశ్న ఈ ఊళ్ళో ఒకసారి ప్రాణాల మీదికి వచ్చింది. 1930 మే నెలలో గాంధీగారి అరెస్టు తరువాత షోలాపూరు వీధుల్లోకి జనం వచ్చారు, కాల్పులు జరిగాయి, మే 12 నుంచి జూన్ ఆఖరు దాకా మార్షల్ లా నడిచింది. జెండా పట్టుకుని వీధిలో నడవడం నేరమైంది. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా ఈ నలుగురినీ 1931 జనవరి 12న యరవాడ జైలులో ఉరి తీశారు. వాళ్ళ విగ్రహాలున్న చౌక్ మీదుగానే మనం రోజూ పోతాం. వీధిలో నిర్భయంగా నడిచే హక్కు ఈ ఊరికి ఊరికే రాలేదు అనడానికి మాత్రమే ఈ ప్రస్తావన.

సైకిలు రోజులు

స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి సుమారు నలభై ఏళ్ళు సైకిలు రాజ్యం. 1950ల్లో అట్లాస్, హీరో, సెన్-ర్యాలీ వంటి కంపెనీలు ఈ దేశంలోనే సైకిళ్ళు చేయసాగాయి. మహారాష్ట్ర పట్టణాల్లో సైకిలుకు మునిసిపాలిటీ పన్ను ఉండేది. పన్ను కట్టినందుకు ఒక రేకు బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ లేని సైకిలు పట్టుబడితే జరిమానా. ఇవాళ సైకిలువాణ్ణి రోడ్డుకు అడ్డం అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి: రోడ్డు వాడుకున్నందుకు సైకిలువాడు ఒకప్పుడు పన్ను కట్టాడు.

నేతపేటలో సైకిలు సరదా వస్తువు కాదు. క్యారియర్ మీద నూలు కట్ట, హ్యాండిల్‌కు అన్నం డబ్బా, ముందు కడ్డీ మీద బడికి పోయే పిల్ల. తయారైన చద్దర్ల మూట సైకిలు మీదే వ్యాపారి దుకాణానికి పోయేది. బీము వంటి బరువు మాత్రం హాత్‌గాడీ మీద. 1972లో పుణే నుంచి లూనా వచ్చింది. కొంచెం కలిగినవాళ్ళు లూనా ఎక్కారు. ఆ తరువాత మోటారు సైకిళ్ళు. 1990ల నుంచి మిల్లులు ఒక్కొక్కటే మూతబడుతుంటే, రోడ్డు మీద గుంపుగా నడిచే షిఫ్టు జనం మాయమయ్యారు. ఎవరికి వారు చెల్లాచెదురుగా చిన్న కార్ఖానాలకు, అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడిసికి పోవలసి వచ్చింది. గుంపు పోయింది, గుంపు ఇచ్చిన రక్షణ కూడా పోయింది. బోంగా ఆగిపోవడానికీ రోడ్డు ప్రమాదానికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే.

లారీ ఎక్కడి నుంచి వచ్చింది

షోలాపూరు నాలుగు దిక్కుల రోడ్లు కలిసే చోటు. పుణే నుంచి హైదరాబాద్ మీదుగా విజయవాడ, బందరు దాకా పోయే రహదారి మన ఊరి నుంచే పోతుంది. దాన్నే ముందు 9 నంబరు అన్నారు, 2010లో నంబర్లు మార్చాక 65 అంటున్నారు. దక్షిణాన విజాపూరు, ఆగ్నేయాన అక్కల్‌కోట, ఉత్తరాన తుళజాపూరు. మగ్గం గుంట తవ్వినప్పుడు మనవాళ్ళు ఊరి అంచున ఉన్నారు. ఊరు పెరిగి, ఆ అంచులే నడిబొడ్డు అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా తొమ్మిదిన్నర లక్షలు. పేటల మధ్య నుంచి పోయే రోడ్డు పేరుకు నగర వీధి, పనికి రహదారి.

దీనికి తోడు మూడు ఆకర్షణలు తూర్పు వైపే ఉన్నాయి. హైదరాబాద్ రోడ్డులో మార్కెట్ యార్డ్ ఉంది. ఉల్లిపాయల కాలం వచ్చిందంటే లారీల బారు తెలిసిందే. అక్కల్‌కోట్ రోడ్డులో ఎంఐడిసి ఉంది. చద్దర్లు, టవళ్ళు దేశమంతా పోయేది అక్కడి నుంచే. షోలాపూరు చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చిన తొలి భారతీయ వస్తువుల్లో స్థానం దక్కింది కదా, ఆ సరుకు మోసేది ఈ లారీలే. మూడోది చెరకు. మన జిల్లాలో ముప్పైకి పైగా చక్కెర ఫ్యాక్టరీలున్నాయి. సీజను వచ్చిందంటే వెనుక రెండేసి ట్రాలీలు కట్టిన ట్రాక్టర్లు రాత్రిపగలు తిరుగుతాయి. వాటిలో చాలావాటికి వెనుక ఎర్రదీపం ఉండదు. చీకట్లో సైకిలు మీద వచ్చే సాంచా కూలీకి అవి మృత్యువులే.

లారీ లేకుండా మన బతుకు లేదు. నూలు తెచ్చేదీ అదే, సరుకు తీసుకుపోయేదీ అదే. అందుచేత లారీని శత్రువనడం తేలిక గాని న్యాయం కాదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఏ లారీకి మన పేటలో పని ఉంది, ఏది ఊరికే దాటిపోతోంది? దాటిపోయేదాన్ని చుట్టూ పంపాలి. పని ఉన్నదాన్ని ఏ గంటలో రానివ్వాలో నిర్ణయించాలి. కేగావ్ నుంచి హత్తూరు వైపు బైపాసు పడ్డాక పుణే–విజాపూరు లారీలకు ఊళ్ళోకి వచ్చే అవసరం తప్పింది. అది మంచి మార్పు. తూర్పు వైపు మాత్రం యార్డూ ఎంఐడిసీ ఊరిని అంటుకునే ఉన్నాయి కనుక గంటల నియమమే దిక్కు. పగటిపూట బరువు వాహనాలను నిషేధించాలన్న కోరిక ఊళ్ళో ఏళ్ళ తరబడి వింటున్నదే. ప్రమాదం జరిగిన వారం రోజులు గట్టిగా వినబడి, తరువాత సద్దుమణుగుతుంది.

పడుగూ పేకా

రోడ్డు ఇంజనీర్లు రోడ్డును నిలువుగా చూస్తారు. ఇక్కడి నుంచి అక్కడికి గంటకు ఎన్ని బండ్లు పోతున్నాయన్నది వాళ్ళ లెక్క. అడ్డంగా దాటేవాళ్ళ లెక్క ఎవరూ తీయరు. నేతవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. పడుగు ఒక్కటే ఉంటే అది గుడ్డ కాదు. పేక అడ్డంగా పోతేనే గుడ్డ అవుతుంది. పేట కూడా అంతే. బడి ఒక వైపు, ఇల్లు ఒక వైపు. కార్ఖానా ఒక వైపు, కిరాణా దుకాణం ఒక వైపు. రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటకుండా సాగే సంసారం మన తూర్పు భాగంలో లేదు.

ఎక్కువగా దాటేవాళ్ళు బీడీ చేసే ఆడవాళ్ళు. 1966 చట్టం బీడీ కార్మికులకు కొన్ని హక్కులిచ్చింది. దాని తరువాత యజమానులు పనిని కార్ఖానాల నుంచి ఇళ్ళలోకి పంపేశారు. అప్పటి నుంచి ఇంట్లో బీడీలు చుట్టి, కట్టలు బ్రాంచికి తీసుకుపోయి లెక్క ఇచ్చి, ఆకూ తంబాకూ తెచ్చుకోవడం మన ఇళ్ళలో వేలమంది ఆడవాళ్ళకు నిత్యకృత్యమైంది. వీళ్ళలో చాలామంది సైకిలు ఎక్కరు. రోజూ రిక్షాకు డబ్బులు పెడితే కూలీలో మిగిలేదేముంది? కనుక నడక. వయసు మీరినవాళ్ళకు చూపు తక్కువ, మోకాళ్ళ నొప్పులు, చంకలో బుట్ట.

ఒక చిన్న లెక్క వేద్దాం. రోడ్డు అరవై అడుగులు, అంటే 18 మీటర్లు. అటువంటి ముసలావిడ సెకనుకు ముప్పావు మీటరుకు కొంచెం పైగా నడవగలదు. దాటడానికి సుమారు 22 సెకన్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 22 సెకన్లలో దాదాపు 245 మీటర్లు వస్తుంది. అంటే రెండు వైపులా పావు కిలోమీటరు దూరం ఖాళీగా ఉంటే తప్ప ఆమె నిశ్చింతగా దాటలేదు. మన చౌకుల్లో పగలు అటువంటి ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? అందుకని సగం దాటి నడిమధ్య నిలబడుతుంది. ముందూ వెనుకా బండ్లు. ఆ నడిమధ్య ఒక గజం వెడల్పు గట్టు ఉంటే చాలు, ఆమె పని సగానికి సగం తేలికవుతుంది. ఒకసారి ఒక వైపే చూసుకుని 11 సెకన్లలో తొమ్మిది మీటర్లు దాటితే సరిపోతుంది. ఆ గట్టుకు అయ్యే ఖర్చు, పైవంతెన ఖర్చులో వెయ్యోవంతు కూడా ఉండదు.

వేగం సంగతి కూడా చూడాలి. గంటకు 30 కిలోమీటర్ల మీద ఉన్న బండి, డ్రైవరు చూసి, బ్రేకు వేసి ఆపేసరికి సుమారు 14 మీటర్లు పోతుంది. 50 మీద ఉంటే 30 మీటర్లు. గుద్దినప్పటి దెబ్బ వేగంతో సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 30కీ 50కీ మధ్య దెబ్బ దాదాపు మూడు రెట్లు. పల్లెటూరి రోడ్డుకూ పేట వీధికీ ఒకే వేగం పనికిరాదనడానికి ఇంతకన్నా తర్కం అక్కర్లేదు.

అంకెలూ చట్టాలూ

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. వారిలో నడుస్తూ చనిపోయినవాళ్ళు 32,825. రోజుకు తొంభైమంది. వీళ్ళు ఏ బండీ నడపలేదు, ఏ లైసెన్సూ తీసుకోలేదు, ఎవరి ప్రాణానికీ అపాయం తేలేదు.

చట్టాలు లేక కాదు. మోటారు బండ్ల మీద మొదటి అఖిల భారత చట్టం 1914లో, రెండోది 1939లో, ఇప్పటిది 1988లో వచ్చాయి. 1989 నియమాల్లోనే ఫుట్‌పాత్ మీద, సైకిలు దారి మీద మోటారు బండి నడపరాదని ఉంది. 2019 సవరణ ఒక కొత్త సంగతి చేర్చింది: రోడ్డును తప్పుగా కట్టినందువల్ల, సరిగా నిర్వహించనందువల్ల ప్రాణం పోతే కట్టిన కాంట్రాక్టరు, బాధ్యత గల అధికారి సంస్థ జవాబుదారులు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రాలు అందుకు తగిన మార్గదర్శకాలు చేసుకోవాలని ఆదేశించింది.

మరో రెండు సంగతులు మన ఇళ్ళలో అందరికీ తెలియాలి. గుద్ది పారిపోయిన బండి జాడ తెలియకపోయినా 2022 ఏప్రిల్ నుంచి అమలైన పథకం కింద మరణానికి రెండు లక్షలు, తీవ్రమైన గాయానికి యాభై వేల రూపాయలు పరిహారం ఉంది. అంతకు ముందు అది పాతిక వేలూ పన్నెండున్నర వేలూ మాత్రమే. దెబ్బతిన్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చినవాణ్ణి పోలీసులు సాక్ష్యం కోసం వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ‘‘మనకెందుకు లేనిపోని తలనొప్పి’’ అని పడ్డవాణ్ణి వదిలిపోవడానికి ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

ఇతర ఊళ్ళు ఏం చేశాయి

హాలెండును ఇప్పుడు సైకిళ్ళ దేశం అంటారు. అది పుట్టుకతో అట్లా లేదు. 1950, 60ల్లో అక్కడా కార్లు పెరిగాయి, సైకిళ్ళు తగ్గాయి, పిల్లలు చనిపోయారు. 1970ల మొదట్లో తల్లిదండ్రులు ‘పిల్లల హత్య ఆపండి’ అంటూ వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపవలసి వచ్చినప్పుడు, కారు లేని వీధి ఎట్లా ఉంటుందో జనం కళ్ళారా చూశారు. డెల్ఫ్ట్ అనే ఊళ్ళో ఇళ్ళ మధ్య వీధుల్లో చెట్లు, కుండీలు, మలుపులు పెట్టి బండి మనిషి నడకతో సమానంగా పోయేట్టు చేశారు. 1976లో దానికి చట్టం వచ్చింది. ఆ వీధిలో పిల్లవాడు ఆడుకోవచ్చు, బండి వేచి ఉండాలి. పడుగు ఆరేదాకా బండి ఆగిన మన పాత వీధికీ దీనికీ తేడా ఎంత? వాళ్ళు చట్టంగా రాసుకున్నారు, మనం రాసుకోలేదు.

దగ్గరి ఉదాహరణలు కావాలంటే పుణే ఉంది. ఒకప్పుడు సైకిళ్ళ ఊరని పేరు తెచ్చుకుని, ఆ పేరు పోగొట్టుకుని, 2016లో పాదచారుల విధానం, 2017లో సైకిలు ప్రణాళిక చేసుకుంది. జంగలీ మహారాజ్ రోడ్డులో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు. హైదరాబాదులో చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడిచేవాళ్ళకు వదిలారు. ఏళ్ళూ పూళ్ళూ పట్టింది గాని జరిగింది. అదే హైదరాబాదులో 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలారు కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. చూడముచ్చటగా ఉంది. కాని అది పొద్దున్నే వ్యాయామం చేసేవాళ్ళ దారి. పనికి పోయే సైకిలుకు కావలసింది పేట నుంచి కార్ఖానా దాకా గోతులు లేని ఒక గజంన్నర అంచు.

షోలాపూరు 2016లో స్మార్ట్ సిటీల తొలి ఇరవైలో ఎంపికైంది. సిమెంటు రోడ్లు కొన్ని పడ్డాయి. ఊరి మీదుగా పైవంతెనల మాట కూడా ఎన్నో ఏళ్ళుగా వినబడుతోంది. పైవంతెన లారీకి మేలు చేస్తుంది. కింద దాటే మనిషికి చేస్తుందా లేదా అన్నది కింద ఏం కడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. స్తంభాల మధ్య దాటడానికి చోటు, దీపం, గట్టు ముందే గీతలో లేకపోతే తరువాత రావు.

మన పేటకు ఏం కావాలి

పెద్ద పథకాలు అక్కర్లేదు. చౌకుల్లో, బడుల ముందు, బీడీ బ్రాంచీల ముందు దాటే చోటును రోడ్డు మట్టం కన్నా కొంచెం ఎత్తుగా కట్టాలి. బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. నడుమ గట్టు ఉండాలి. ఇళ్ళ మధ్య వీధుల్లో 30 కిలోమీటర్ల వేగం మించరాదు. ఫుట్‌పాత్ ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం కాక ఒక చౌక్ నుంచి మరో చౌక్ దాకా తెగకుండా సాగాలి. గటారు మీద పలకలు ఉండాలి. సరుకు ఎత్తడం, దించడం రాత్రిపూటో, బడిగంటలు కాని వేళల్లోనో సాగాలి. చెరకు ట్రాలీకి వెనుక ఎర్ర రేకు లేనిదే ఫ్యాక్టరీ గేటులోకి రానివ్వరాదు. ఈ ఒక్క పని పోలీసుకన్నా ఫ్యాక్టరీ వాచ్‌మన్ బాగా చేయగలడు.

ఫుట్‌పాత్ అనగానే కూరగాయల గంపలవాళ్ళను తరమడం మొదలవుతుంది. అది సరికాదు. ఆ గంపల వెనుక కూర్చున్నవాళ్ళూ మన ఆడవాళ్ళే. 2014 చట్టం ప్రకారం ప్రతి ఊళ్ళో వీధి వ్యాపారుల కమిటీ ఉండాలి. అందులో నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఎక్కడ కూర్చోవాలో వాళ్ళతో కలిసి నిర్ణయించాలి. నిజానికి ఫుట్‌పాత్‌ను ఎక్కువగా మింగింది గంప కాదు, నిలబెట్టిన మోటారు సైకిలూ, ముందుకు జరిగిన దుకాణం మెట్టూ, మరమగ్గం షెడ్డు ముందు దించిన నూలు బేలూ. ఈ చివరిది మన తప్పు. మన ఇంటి ముందు దారి మనమే మూసి, పిల్లవాణ్ణి రోడ్డు మధ్యకు తోస్తున్నాం.

ఊరు ఇంకా తూర్పుకు సాగుతోంది. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళ కాలనీ వచ్చింది. రే నగర్‌లో 2024 జనవరిలో 15 వేల ఇళ్ళు అందాయి. ఇల్లు దొరకడం మహాభాగ్యం. కాని పాత పేటలో అరగంట నడకలో ఉన్న పని ఇప్పుడు కిలోమీటర్ల దూరమైంది. ఆ దారిలో బస్సు, దీపం, సైకిలు అంచు కొత్త ఇళ్ళతో పాటే రావాలి. ఇల్లు ముందు, దారి తరువాత అన్న పద్ధతిలో ఆ మధ్యకాలాన్ని ప్రాణాలతో కొలవవలసి వస్తుంది.

ఇంకొక చిక్కు మనకే ప్రత్యేకం. మనం బాధ తెలుగులో పడతాం, అర్జీ మరాఠీలో పెట్టాలి. తెలుగు బళ్ళు తగ్గిపోయాయి. పెద్దవాళ్ళకు తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు, పిల్లలకు మరాఠీ అక్షరం వచ్చు గాని అర్జీ రాసే ఓపిక లేదు. నడుమ కార్పొరేషన్ దాకా పోవలసిన మాట అరుగు మీదే ఆగిపోతోంది. ఏ చౌక్‌లో, ఏ గంటలో, ఎవరు దాటలేకపోతున్నారో రాసి ఇస్తే కాదనడం కష్టం. ఒక వారం రోజులు పొద్దున ఎనిమిది నుంచి పది దాకా చౌక్‌లో నిలబడి, దాటేవాళ్ళను లెక్కపెట్టి, ఆ లెక్క మరాఠీలో రాసి వార్డు ఆఫీసులో ఇచ్చే పని కాలేజీ పిల్లలు చేయగలరు. నిలువు లెక్క వాళ్ళ దగ్గర ఉంది. అడ్డం లెక్క మనం ఇవ్వాలి.

చేయలేమన్న మాట మాత్రం ఈ ఊరు అనడానికి వీల్లేదు. సంక్రాంతికి సిద్ధేశ్వరుని నందిధ్వజాలు వీధుల్లో నడిచినప్పుడు బండ్లన్నీ ఆగుతాయి. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుని రథం కదిలినప్పుడు తూర్పు భాగమంతా మనుషులదే. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, చూపు లేనివాళ్ళు నడిరోడ్డు మీద నిర్భయంగా నడుస్తారు. పోలీసులకు ఏ దారి మూయాలో, లారీని ఎటు తిప్పాలో ఆ రోజు బాగా తెలుసు. మిగతా 360 చిల్లర రోజుల్లో బ్రాంచికి బుట్టతో పోయే ఆవిడకు అందులో ఇరవై రెండు సెకన్లు ఇస్తే చాలు.